ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు

టెక్సాస్‌లో ఉంటున్న ఒక పాఠకుడు టార్గెట్ ఫోటో పంపి అడిగారు: "రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకున్నాను. వంద గజాల్లో మూడూ దాదాపు ఒకే చిల్లులోంచి పోయాయి. వెయ్యి గజాల పోటీకి ఈ లోడే ఖాయం చేసుకోవచ్చా?"

ఫోటో ముచ్చటగానే ఉంది. అది చెప్పేది మాత్రం చాలా తక్కువ.

తూటాలో ఏ బుల్లెట్‌కి ఎంత తుపాకి మందు పోశారన్నదే లోడ్. తూటా ఎలా నింపుతారన్నది వదిలేద్దాం, పరీక్ష సంగతి చూద్దాం. అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు పట్టి చూస్తాం. మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి. మనకు కావలసింది కుండ మొత్తం ఎలా ఉందన్నదే. తూటాల దగ్గర ప్రశ్న వేరు: మెతుక్కీ మెతుక్కీ తేడా ఎంత? దీనికి ఒక్క మెతుకు ఏ జవాబూ ఇవ్వలేదు. రెండు ఇస్తాయి గానీ నమ్మలేం. మూడైనా అంతంతే.

ఎంత అంతంతే? గుళ్లు అడ్డంగా, నిలువుగా ఒకే తీరున చెదురుతాయనుకుందాం. ఒక దిశలో ఆ చెదురు ప్రామాణిక విచలనాన్ని, అంటే సగటు నుంచి గుళ్లు మామూలుగా ఎంత ఎడంగా పడతాయో చెప్పే కొలతని, సిగ్మా అందాం. బాగా ఎడంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరమే గ్రూప్ సైజు. అది 3 గుళ్లకు సగటున 2.4 సిగ్మాలు, 5 గుళ్లకు 3.07, పదింటికి 3.8. తుపాకీ అదే, తూటా అదే. ఎక్కువ కాల్చేకొద్దీ గ్రూప్ పెరుగుతుంది. ఫోటోకి మూడే ఎందుకు కాలుస్తారో అర్థమైంది కదా! పైగా మూడు గుళ్ల గ్రూప్ సైజు తన సగటు చుట్టూ ఊగుతుంది, ఆ ఊపు ప్రామాణిక విచలనమే సగటులో 37 శాతం. తేడా ఏమాత్రం లేని పది లోడ్‌లను మూడేసి గుళ్లతో పరీక్షిస్తే, అన్నిటికన్నా పెద్ద గ్రూప్ చిన్నదానికి మూడు రెట్లు ఉండటం మామూలే. ఆ ఘనత మనం మందుకి కట్టబెడతాం.

అమెరికన్ షూటర్ క్రైటన్ ఆడెట్ పేరుతో చెప్పుకునే 'లాడర్ టెస్ట్' ఉంది. మందు కొంచెం కొంచెం పెంచుతూ దూరంగా ఉన్న ఒకే టార్గెట్ మీద ఒక్కో గుండు కాల్చి, వరస గుళ్లు ఒకే ఎత్తులో పడిన చోటుని ఎంచుకుంటారు. ఎక్సెల్‌లో ఒక సరళరేఖకు యాదృచ్ఛిక సంఖ్యలు కలిపి చూడండి, అలాంటి చోట్లు కనిపిస్తాయి. మళ్లీ కలిపితే ఇంకోచోట కనిపిస్తాయి. ఇక దూరంగా పడ్డ గుండుని "నా చెయ్యి కదిలింది" అని లెక్కలోంచి తీసేసేవాళ్లున్నారు. జాతకాలు ఫలించేదీ ఇలాగే.

వంద గజాలు దాచేది ఇంకొకటి ఉంది: వేగంలో తేడా. 6.5 క్రీడ్‌మూర్‌లో (అదొక రైఫిల్ తూటా రకం) 140 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ సెకనుకు సుమారు 2700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. అందులో 10 అడుగులు తగ్గితే వంద గజాల్లో కంటికి ఆనదు. వెయ్యి గజాల్లో గుండు రెండున్నర, మూడు అంగుళాలు కిందికి పోతుంది. అందుకే గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ పెడతారు. అక్కడా అదే మెతుకు సమస్య. 5 గుళ్లకు వేగంలో ప్రామాణిక విచలనం సెకనుకు 6 అడుగులని వచ్చిందనుకోండి. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది, అసలు విలువ 3.6కీ 17కీ మధ్య ఉందని! అదే 6 ముప్ఫై గుళ్లకు వస్తే 4.8 నుంచి 8 దాకా. ఇంటర్‌లో ప్రామాణిక విచలనం సూత్రాన్ని బట్టీ పట్టిస్తారు గానీ, వచ్చిన విచలనాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పరు.

కాబట్టి పాఠకుడికి నా జవాబు: అదే లోడ్‌తో ఇంకో పాతిక, ముప్ఫై కాల్చండి, వేర్వేరు రోజుల్లో. ఒక్కటీ తీసెయ్యకండి. దూరంగా ఉన్న రెండు చిల్లులే కాకుండా, మధ్య బిందువు నుంచి ప్రతి చిల్లు దూరమూ కొలవండి. అప్పుడు ప్రతి గుండూ లెక్కలోకి వస్తుంది. అయినా రెండు లోడ్‌ల మధ్య తేడా తేలకపోతే, దానికోసం బ్యారెల్ అరగదీయడం దండగ. మిగిలిన తూటాలతో గాలి అంచనా సాధన చేయండి. పక్కగాలిని గంటకు ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తే వెయ్యి గజాల్లో గుండు ఏడంగుళాలు పక్కకి పోతుంది.