కారు సబ్‌వూఫర్ బాక్సు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో కార్లకు సబ్‌వూఫర్ బాక్సులు, అంటే బేస్ పలికించే పెద్ద స్పీకరును (వూఫర్‌ను) బిగించే పెట్టెలు, కట్టడం నా వృత్తి. కావలి, ఆత్మకూరు, కందుకూరు నుంచే కాక ఒంగోలు, చీమకుర్తి వైపు నుంచి కూడా బండ్లు వస్తుంటాయి. వచ్చినవారిలో ఎక్కువమంది వూఫర్ ఏ కంపెనీదో, ఎన్ని వాట్లదో వెంటనే చెబుతారు. దాని వెనుక ఎన్ని లీటర్ల గాలి ఉండాలో మాత్రం అడగరు. వేలు పోసి కొన్న వూఫర్‌ను రోడ్డు పక్కన దొరికే రెడీమేడ్ బాక్సులో బిగించి, బేస్ రావడం లేదని వూఫర్‌ను తిట్టుకునేవారిని నేను తరచుగా చూస్తుంటాను. నా బల్ల దగ్గర పదేపదే వినబడే మాటలను, వాటి వెనుకనున్న వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బాక్సు ఎంత పెద్దదైతే బేస్ అంత ఎక్కువ.

మూసిన బాక్సులో కోన్ (వూఫర్‌లో ముందుకూ వెనక్కూ ఊగే గరాటు లాంటి భాగం) వెనుక చిక్కుకున్న గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. బాక్సు చిన్నదైతే ఆ స్ప్రింగు బిగుస్తుంది, పెద్దదైతే వదులవుతుంది. ఎంత బిగుతు కావాలో నిర్ణయించేది వూఫరే. ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లోనూ, సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1970ల తొలి సంవత్సరాల్లోనూ ఈ సంబంధాన్ని లెక్కల్లోకి తెచ్చారు కనుక, వూఫర్‌తో పాటు వచ్చే కాగితం మీది ఎఫ్‌ఎస్, వీఏఎస్, క్యూటీఎస్ వంటి అంకెలను థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. ఎఫ్‌ఎస్ అంటే బాక్సు లేకుండా ఉన్నప్పుడు కోన్ తనంత తాను ఊగే పౌనఃపున్యం. వీఏఎస్ అంటే కోన్‌ను పట్టివుంచే అంచుకూ, లోపలి మడతల బట్టకూ ఉన్న బిగుతుతో సరిసమానమైన గాలి పరిమాణం. క్యూటీఎస్ అంటే ఆ ఊగడం ఎంత త్వరగా అదుపులోకి వస్తుందో తెలిపే అంకె. చాలామంది పారేసే కాగితం అదే, దాచుకోవలసిన కాగితమూ అదే.

ఒక వూఫర్‌కు ఎఫ్‌ఎస్ 30 హెర్ట్జ్, వీఏఎస్ 60 లీటర్లు, క్యూటీఎస్ 0.5 అనుకుందాం. వీఏఎస్‌ను బాక్సు లీటర్లతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీసి, క్యూటీఎస్‌తో గుణిస్తే వచ్చే అంకెను క్యూటీసీ అంటారు. ఈ వూఫర్‌ను 60 లీటర్ల మూసిన బాక్సులో పెడితే క్యూటీసీ 0.707 వస్తుంది, శబ్దం ఎక్కడా ఉబ్బకుండా దిగువకు దిగుతుంది, వ్యవస్థ ఊగే పౌనఃపున్యం 42 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అదే వూఫర్‌ను 20 లీటర్లలో ఇరికిస్తే క్యూటీసీ 1.0కు, పౌనఃపున్యం 60 హెర్ట్జ్‌కు చేరుతాయి. అప్పుడు ప్రతి దెబ్బా ఒకే స్వరంలో మోగుతున్నట్టు ఉంటుంది. పోనీ, పెద్దదే మంచిదని 100 లీటర్లు ఇస్తే, 42 హెర్ట్జ్ 38కి దిగుతుంది. ఆ నాలుగు హెర్ట్జ్ కోసం డిక్కీలో 40 లీటర్ల చోటు పోతుంది. పైగా స్ప్రింగు వదులైనందువల్ల, వాల్యూమ్ పెంచినప్పుడు కోన్ హద్దు మీరి కొట్టుకునే ప్రమాదం పెరుగుతుంది.

లీటర్లు తెలిసినవారు కూడా తప్పు చేసే చోటు ఒకటుంది. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో (కలప నారను జిగురుతో కలిపి నొక్కి చేసే పలకతో), బయటి కొలతలు 50, 38, 38 సెంటీమీటర్లు ఉండేలా బాక్సు కడితే బయటి లెక్క 72 లీటర్లు. లోపలి లెక్క 55 లీటర్లే. పదిహేడు లీటర్లు చెక్క తినేసింది. ఆ 55 నుంచి వూఫర్ వెనుక భాగం ఆక్రమించే రెండు మూడు లీటర్లను, అడ్డుబద్దలు, పోర్ట్ గొట్టం (బాక్సు గోడకు అమర్చే, రెండు వైపులా తెరిచి ఉండే గొట్టం) ఆక్రమించే చోటును కూడా తీసివేయాలి. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో బయటి కొలతలతో లెక్కకట్టి ఒక బాక్సు కట్టాను. దాన్ని విప్పి, మళ్ళీ కట్టి, రెండోసారి ఎండీఎఫ్ డబ్బులు నా జేబులోంచే పెట్టుకున్నాను.

అపోహ: బాక్సుకు పెట్టే గొట్టం లోపలి గాలి పోవడానికే; పొడవు ఎంతైనా ఒకటే.

గోళీ సోడా బుడ్డి మూతి మీద ఊదితే ఒక స్వరం పలుకుతుంది. మెడలోని గాలి బరువులా, కడుపులోని గాలి స్ప్రింగులా మారి, రెండూ కలిసి ఊగడం వల్ల పుట్టే స్వరం అది. పోర్ట్ బాక్సులో జరిగేదీ ఇదే. గొట్టం పొడవు, వ్యాసం, బాక్సు పరిమాణం కలిసి ఒక పౌనఃపున్యాన్ని నిర్ణయిస్తాయి. ఆ పౌనఃపున్యం దగ్గర కోన్ దాదాపు కదలదు, శబ్దంలో ఎక్కువ భాగం గొట్టం నుంచే వస్తుంది.

నికరంగా 50 లీటర్లున్న బాక్సును 35 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయాలంటే, అంటే ఆ పౌనఃపున్యం 35 హెర్ట్జ్ అయ్యేలా చేయాలంటే, లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లున్న ఒక్క గొట్టం సుమారు 31 సెంటీమీటర్ల పొడవుండాలి. ఇక్కడ చాలామంది, రెండు గొట్టాలు పెడితే ఒక్కొక్కటి సగం పొడవు చాలునని అనుకుంటారు. వాస్తవం దీనికి తలకిందులుగా ఉంటుంది: రెండు పెడితే ఒక్కొక్కటి సుమారు 70 సెంటీమీటర్లు ఉండాలి. పైన చెప్పిన బాక్సు లోపలి పొడవు 46 సెంటీమీటర్లే కనుక అది మలుపు తిప్పకుండా పట్టదు. ఒక్క గొట్టాన్ని కూడా లోతు వైపు పెట్టకూడదు. అటు లోపల 34 సెంటీమీటర్లే ఉంటుంది కనుక గొట్టం చివరకూ చెక్కకూ మధ్య మూడు సెంటీమీటర్లు మాత్రమే మిగిలి, గాలికి ఊపిరాడదు. కనీసం గొట్టం వ్యాసమంత ఖాళీ ఉండాలి కాబట్టి దాన్ని పొడవు వైపు పడుకోబెట్టాలి. ఇంకొక సంగతి: ప్లంబింగ్ దుకాణంలో 110 మిల్లీమీటర్లని అమ్మే పీవీసీ గొట్టానికి అది బయటి కొలత. ట్యూనింగ్ లెక్కకు లోపలి కొలత తీసుకోవాలి, బాక్సు నుంచి తీసివేయడానికి మాత్రం బయటి కొలత తీసుకోవాలి.

గొట్టం మరీ సన్నమైతే గాలి బుసలు కొడుతుంది. లోపలి గాలి వేగం సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూడడం వాడుకలో ఉన్న జాగ్రత్త. గొట్టం రెండు అంచులనూ గుండ్రంగా విప్పితే ఇంకొంత నయం.

ట్యూనింగ్ సరిగా కుదిరిందో లేదో చూడడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో 50 హెర్ట్జ్ నుంచి మెల్లగా కిందికి దిగుతూ కోన్‌ను చూడండి. ఎక్కడ కోన్ నిలిచిపోయినట్టు కనబడుతుందో అదే మీ బాక్సు ట్యూనింగ్. ఇంకా కిందికి దిగితే కోన్ ఒక్కసారిగా విచ్చలవిడిగా ఊగడం మొదలుపెడుతుంది, ఎందుకంటే ఆ దిగువన దాన్ని పట్టుకునే గాలి స్ప్రింగు ఉండదు. పోర్ట్ బాక్సు ఉన్నవారు యాంప్లిఫయర్‌లోని సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను (మరీ దిగువ పౌనఃపున్యాలను అడ్డుకునే మీటను) ట్యూనింగ్‌కు కొద్దిగా దిగువన, 35 హెర్ట్జ్ బాక్సుకు 28-30 దగ్గర, తప్పనిసరిగా పెట్టాలి. కోన్ ఊడి నా దగ్గరకు వచ్చే వూఫర్‌లలో చాలావాటికి ఆ మీట ఆఫ్‌లోనే ఉంటుంది.

అపోహ: మూసిన బాక్సులో బేస్ రాదు.

ఇంటి గదిలో ఈ మాటకు కొంత అర్థముంది. కారులో పరిస్థితి వేరు. క్యాబిన్ లోపలి పొడవు రెండున్నర మీటర్లనుకుంటే, సుమారు 69 హెర్ట్జ్ దిగువన ధ్వని తరంగంలో సగం కూడా అందులో పట్టదు. అక్కడి నుంచి కిందికి వెళ్ళేకొద్దీ తరంగంగా కాక గాలి పీడనంగా క్యాబిన్‌ను నింపుతుంది, శబ్దం దానంతటదే పెరుగుతుంది. సిద్ధాంతం ప్రకారం ఈ పెరుగుదల ఆక్టేవ్‌కు, అంటే పౌనఃపున్యం సగానికి తగ్గే ప్రతిసారీ, 12 డెసిబెల్. మూసిన బాక్సు దిగువన తగ్గేదీ ఆక్టేవ్‌కు 12 డెసిబెలే. తలుపులు, పైకప్పు రేకు వణకడం వల్ల, సందుల్లోంచి గాలి పోవడం వల్ల పూర్తి లాభం దక్కకపోయినా, చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో మూసిన బాక్సు ఎంత దిగువకు పలుకుతుందో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. పోర్ట్ బాక్సు ట్యూనింగ్ చుట్టుపక్కల గట్టిగా మోగుతుంది, దాని దిగువన ఆక్టేవ్‌కు 24 డెసిబెల్ చొప్పున పడిపోతుంది. డప్పు, మృదంగం స్పష్టంగా వినాలనుకునేవారికి నేను మూసిన బాక్సునే చెబుతాను. “అన్నా, గుండెకి తగలాలన్నా” అనేవారికి పోర్ట్ కడతాను.

అపోహ: టేకు చెక్కతో చేస్తే అంతకు మించింది లేదు.

ఉదయగిరి పనివాళ్ళు చెక్కే గరిటెలు మన జిల్లాకు గర్వకారణం. చెక్కంటే మక్కువ నాకూ ఉంది. అయితే తలుపుకు, మంచానికి పనికొచ్చే గుణం బాక్సుకు పనికిరావాలని లేదు. పలకగా కోసిన కర్ర గాలిలోని తేమను బట్టి అడ్డంగా వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఒక వేసవి, ఒక వానాకాలం గడిచేసరికి కీళ్ళ దగ్గర వెంట్రుకవాసి సందు పడుతుంది, అక్కడి నుంచి గాలి ఈల వేస్తుంది. ఎండీఎఫ్ అన్ని దిక్కులా ఒకేలా ఉంటుంది, చెక్క కోసే రూటర్ యంత్రంతో గుండ్రంగా చక్కగా తెగుతుంది, బరువుగా ఉండి తక్కువ మోగుతుంది.

దాని లోపమల్లా నీళ్ళు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్ళలో నిలిచిన కార్ల నుంచి తీసిన ఎండీఎఫ్ బాక్సులను చూశాను; అంచులు తడిసిన అట్టలా ఉబ్బి, స్క్రూలు చేత్తో లాగితే వచ్చాయి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు తప్పవు కనుక, చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడతాను. ఐఎస్ 303 ముద్రతో వచ్చే మామూలు ప్లైవుడ్‌లో తేమను తట్టుకునే రకం కూడా నీళ్ళలో నానితే నిలవదు. ఎండీఎఫ్ వాడితే కోసిన అంచులకు లోపలా బయటా సీలర్ పూయడం మానకూడదు. కీళ్ళలో సిలికాన్ పెట్టినవారు అది పూర్తిగా ఆరి, పులుపు వాసన పోయిన తరువాతే వూఫర్ బిగించాలి.

అపోహ: 5000 వాట్ల యాంప్లిఫయర్ ఉంటే బాక్సు ఏదైనా ఫరవాలేదు.

అట్టపెట్టె మీది అంకెను వదిలి ఫ్యూజును చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉంటే, ఇంజను నడుస్తున్నప్పటి 14 వోల్టుల దగ్గర అది నిరంతరంగా తీసుకోగలిగేది 420 వాట్లు. కరెంటును తక్కువ వృథా చేసే క్లాస్ డీ రకం యాంప్లిఫయర్ నూటికి ఎనభై పాళ్ళ సామర్థ్యంతో పనిచేసినా వూఫర్‌కు చేరేది సుమారు 335 వాట్లు. పైగా వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. సరైన బాక్సు అంతకన్నా ఎక్కువ లాభాన్ని పైసా కరెంటు ఖర్చు లేకుండా ఇవ్వగలదు.

అపోహ: వూఫర్‌ను సీటు వైపు తిప్పితేనే బేస్ ముందుకు వస్తుంది.

40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే కారు కన్నా పొడవు. వూఫర్ ఎటు చూస్తున్నదన్నదాని కన్నా బాక్సు డిక్కీలో ఏ మూల ఉన్నదన్నదే ఎక్కువ తేడా చూపుతుంది. పది సెంటీమీటర్లు అటూ ఇటూ జరిపి విని, ఆ తరువాతే బిగించండి.

అపోహ: లోపల దూది కుక్కితే చిన్న బాక్సు పెద్దదైపోతుంది.

పాలియెస్టర్ దూదిని వదులుగా నింపితే మూసిన బాక్సు పదోవంతు నుంచి ఐదోవంతు దాకా పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. కుక్కితే ఆ లాభం పోతుంది. పోర్ట్ బాక్సులో గొట్టం నోటికి దూది అడ్డుపడితే ట్యూనింగే చెడిపోతుంది.

అపోహ: బాక్సు బరువుకే కదలకుండా ఉంటుంది, బిగించనక్కర్లేదు.

పైన చెప్పిన బాక్సు ఎండీఎఫ్ ఒక్కటే 14 కిలోలు. వూఫర్‌తో కలిపి 20 కిలోలు దాటుతుంది. జాతీయ రహదారి మీద వంద వేగంతో పోతూ గట్టిగా బ్రేకు వేస్తే ఆ 20 కిలోలూ వెనుక సీటు మీదికి వస్తాయి. వెనుక సీట్లో పిల్లలు కూర్చునే బండికి బాక్సు ఊరికే పెట్టి పంపమంటే నేను ఒప్పుకోను. ఇనుప ఎల్ పట్టీలతో, నేల రేకుకు బోల్టులతో బిగించాలి. రంధ్రం వేసేముందు కారు కింద పడుకుని, పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎక్కడున్నాయో టార్చి వేసి చూసుకోవాలి. సీఎన్‌జీ సిలిండరున్న డిక్కీలో మాత్రం నేను డ్రిల్లు పట్టను. అలాంటి బండ్లకు ముందు సీటు కింద పట్టే పలుచని బాక్సే కడతాను.