మోదుగ పువ్వుకు పారాణి

హోలీ ముందురోజు మా పై ఫ్లోర్ ఆవిడ గిన్నెతో సహా దిగివచ్చారు. "వికారాబాద్ రోడ్డులో మోదుగ పూలు ఏరుకొచ్చి ఉడకబెట్టానండీ. ఊళ్లో మా అమ్మమ్మ చేస్తే ముదురు కాషాయం వచ్చేది. ఇదేమో పలచటి పసుపు!"

అమ్మమ్మగారు చిటికెడు సున్నం వేసి ఉంటారు. మా ఇంట్లో తాంబూలం సున్నం ఉంది. దాని తేట రెండు చెంచాలు పోసి కలిపాం. గిన్నెలో నారింజ రంగు దిగింది.

ఇది పారాణి కథే, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందే, అదే. పసుపులోని కుర్క్యుమిన్ అణువు మామూలుగా ఊదా, నీలం కాంతిని మింగుతుంది, మనకు పసుపు మిగులుతుంది. సున్నం క్షారం కాబట్టి, ఆ అణువు అంచున ఆక్సిజన్‌ను పట్టుకుని ఉన్న హైడ్రోజన్‌ను లాగేస్తుంది. వెనక మిగిలిన ఎలక్ట్రాన్లు అణువు పొడవునా పరుచుకుంటాయి. అలా పరుచుకున్న అణువుకు తక్కువ శక్తి కాంతే చాలు, ఆకుపచ్చ వైపు కాంతిని మింగుతుంది. ఇక మనకు మిగిలేది ఎరుపు. దిష్టి తీసే ఎర్రనీళ్లలో ఉన్న మహిమంతా ఇదే. ఇంత మంచి ప్రయోగం వంటింట్లో ఉండగా, బడిలో మాకు లిట్మస్ కాగితం చూపించి బట్టీ పట్టించారు!

మోదుగలో ఇంకో మెలిక ఉంది. అందులో ఐసోబుట్రిన్, బుట్రిన్ అని కవలల్లాంటి రెండు అణువులు. పరమాణువులు అవే, లెక్కా అదే. ఐసోబుట్రిన్ గొలుసు తెరుచుకుని ఉంటుంది, పసుపు రంగు. అదే గొలుసు ముడిపడి ఉంగరమైతే బుట్రిన్, రంగే ఉండదు. పువ్వు ఎండేకొద్దీ మొదటిది రెండోదిగా మారిపోతుంది. సున్నం ముందు ముడి విప్పుతుంది, తర్వాత హైడ్రోజన్ లాగుతుంది. పారాణిలో ఒక్క అడుగైతే ఇక్కడ రెండు. సున్నం ఎక్కువైతే మాత్రం చర్మం మండుతుంది, జాగ్రత్త.

వాసన లేని పువ్వని కింశుకాన్ని, అంటే మోదుగనే, సుభాషితాల్లో వెక్కిరించారు గానీ, దానికి వాసనతో పనేముంది? పుప్పొడి మోసేది ఎక్కువగా పిట్టలు. ఆకు రాల్చిన కొమ్మ మీద ఆ ఎరుపు వాటికి దూరం నుంచే కనిపిస్తుంది. మన పార్కుల్లో అందరూ సెల్ఫీలు దిగే గులాబీ రంగు తబెబుయా అమెరికా ఖండం నుంచి వచ్చింది. మోదుగ ఇక్కడి చెట్టు.

"బాల్కనీ కుండీలో వస్తుందా?" అన్నారావిడ. రాదండీ, వేరు లోతుకు దిగే చెట్టు, నేల కావాలి.

మాటల్లో నేను గిన్నెలోకి అర నిమ్మచెక్క పిండాను. రంగు మళ్లీ పసుపు. ఆవిడ ముఖం చూసి సున్నం డబ్బా కోసం లేచాను.