30.06: టెక్సస్ షాపుల తలుపు మీద ఈ అంకె ఎందుకుంది

డాలస్‌కో హ్యూస్టన్‌కో కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లు కొన్ని షాపుల తలుపు పక్కన ఒక పెద్ద బోర్డు చూసి ఆగిపోతారు. టెక్సస్ శిక్షా చట్టంలోని సెక్షన్ 30.06 ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్లు కూడా తుపాకీ దాచుకుని లోపలికి రాకూడదని అందులో ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ రాసి ఉంటుంది. మాటలు చట్టంలో ఉన్నవే ఉండాలి. అక్షరం అంగుళానికి తగ్గకూడదు. తుపాకీ బొమ్మ మీద అడ్డగీత గీసిన చిన్న స్టిక్కర్ అతికిస్తే ఆ సెక్షన్‌కి చాలదు.

మన దగ్గర ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకీని కూడా పోలీస్ స్టేషన్‌లో అప్పగించమంటారు. అది చూసి పెరిగినవాళ్లకు, తుపాకీ తేవద్దని చెప్పే పని షాపు ఓనర్ మీద ఎందుకు పడిందో ఒక పట్టాన అర్థం కాదు.

నిజానికి టెక్సస్ కూడా ఒకప్పుడు ఇలా లేదు. బయట పిస్తోలు పెట్టుకు తిరగడాన్ని 1871లోనే నిషేధించింది. ఆ నిషేధం నూటపాతికేళ్ల దాకా నడిచింది. దాన్ని కదిలించింది 1991 అక్టోబర్ 16న కిలీన్ ఊళ్లో జరిగిన ఘోరం. లూబీస్ అనే కెఫెటేరియాలోకి ఒకడు ట్రక్కుతో ముందు అద్దాలు బద్దలు కొట్టుకుని దూసుకొచ్చి 23 మందిని కాల్చి చంపాడు. ఆ రోజు అక్కడ భోజనం చేస్తున్న సుజానా హప్ కళ్ల ముందే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుంది. ఆమెకు తుపాకీ ఉంది. వెంట ఉంచుకోవడం చట్టవిరుద్ధమని కారులో వదిలేసి వచ్చింది. తర్వాత ఆమె ఎన్నో చోట్ల ఆ మాటే చెప్పింది, శాసనసభ్యురాలు కూడా అయింది. తుపాకులంటే నాకు భయం, ఇష్టం లేదు. అయినా ఆమె మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను.

1995లో గవర్నర్ జార్జ్ డబ్ల్యూ బుష్ సంతకంతో లైసెన్సు ఉన్నవాళ్లు పిస్తోలు దాచుకుని తిరగొచ్చనే చట్టం వచ్చింది. మరి షాపు ఓనర్‌కి ఇష్టం లేకపోతే? సొంత స్థలంలోకి ఎవరు రావాలో చెప్పే హక్కు అతనిది. ఆ హక్కు ఎలా వాడాలో 1997లో శాసనసభ 30.06లో రాసిపెట్టింది. అప్పటినుంచి బోర్డు లేని తలుపంటే రావచ్చనే అర్థం.

తర్వాతి గొడవ దాచిన తుపాకుల గురించి కాదు, కనిపించే వాటి గురించి. అప్పట్లో టెక్సస్‌లో పిస్తోలు బయటికి కనిపించకూడదు గానీ రైఫిల్ భుజాన వేసుకుంటే తప్పులేదు. 2014లో ఆ హక్కు చూపించడానికి కొందరు రైఫిళ్లతో హోటళ్లకు, షాపులకు వెళ్లి ఫొటోలు దిగారు. పిల్లలతో వచ్చిన తల్లులకు ఎంత టెన్షనో ఊహించండి. మామ్స్ డిమాండ్ యాక్షన్ అనే తల్లుల సంఘం ఒక్కో కంపెనీని నిలదీసింది. చిపోట్లే హోటళ్లు, టార్గెట్ షాపులు తుపాకులు తేవద్దన్నాయి. అంతకుముందే, 2013 సెప్టెంబర్‌లో, స్టార్‌బక్స్ అధిపతి హోవర్డ్ షుల్జ్ బహిరంగ లేఖలో అదే కోరారు. ఇది వినతి మాత్రమే, నిషేధం కాదని కూడా రాశారు. తుపాకీ ఉన్న మనిషిని బయటికి వెళ్లమనే పని తన ఉద్యోగుల మీద పెట్టలేనన్నారు. కౌంటర్ దగ్గర నిలబడే పిల్లల గురించి ఆలోచించిన మాట అది. పెద్ద కంపెనీల విధానాలన్నీ దాదాపు ఇదే దారి పట్టాయి.

2019 ఆగస్టు 3న టెక్సస్‌లోనే ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లు చివరికి 23 మంది. ఐదు రోజులకే మిస్సోరీలో ఒక యువకుడు బుల్లెట్ప్రూఫ్ జాకెట్ వేసుకుని, రైఫిల్‌తో మరో వాల్‌మార్ట్‌లోకి నడిచాడు. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తారు. సెప్టెంబర్ 3న సీఈఓ డగ్ మెక్‌మిలన్ పిస్తోలు తూటాల అమ్మకం ఆపేస్తామని ప్రకటించారు. తుపాకీ బయటికి కనిపించేలా తేవద్దని కస్టమర్లను కోరారు. లైసెన్సుతో దాచుకున్న తుపాకీ సంగతిలో మాత్రం ఏ మార్పూ లేదు. క్రోగర్, వాల్‌గ్రీన్స్ షాపులు కూడా కనిపించే తుపాకుల గురించే కోరాయి. మెటల్ డిటెక్టర్లు లేని షాపులో జేబులో ఏముందో ఎవరికి తెలుస్తుంది? కస్టమర్ల భయం తగ్గించారు. ప్రమాదం తగ్గించారని మాత్రం నేను అనలేను.

నిషేధించినచోట కూడా లెక్క తేలలేదు. 2022 జులైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ పార్క్ మాల్‌లో ముగ్గురిని చంపినవాణ్ణి షాపింగ్‌కి వచ్చిన 22 ఏళ్ల కుర్రాడు కాల్చి ఆపాడు. ఆ మాల్‌లోకి తుపాకులు తేకూడదనేది నిబంధన. తుపాకీ హక్కులవాళ్లు ఇప్పటికీ ఈ ఉదాహరణే చెబుతారు. కానీ మరుసటి ఏడు మే 6న డాలస్ దగ్గరి ఆలెన్‌లో, ఔట్‌లెట్ మాల్ దగ్గర ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు. అప్పటికి దాదాపు రెండేళ్ల కిందటే, 2021 సెప్టెంబర్ నుంచి, టెక్సస్‌లో పిస్తోలుకు లైసెన్సు కూడా అక్కర్లేకుండా పోయింది.

దాంతో బోర్డులు కూడా పెరిగాయి. దాచిన పిస్తోలుకు 30.06, 2016 నుంచి బయటికి కనిపించే పిస్తోలుకు 30.07, లైసెన్సు లేనివాళ్లకు 30.05. అర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో కిరాణా పెట్టుకున్న మనవాళ్లు కూడా ఈ మూడింట్లో ఏవి పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో తేల్చుకోవాలి.

హవాయి రాష్ట్రం ఈ పద్ధతిని తిరగేసింది. 2022లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో బయట తుపాకీ వెంట ఉంచుకోవడం రాజ్యాంగ హక్కని తీర్పిచ్చింది. మరుసటి ఏడు హవాయి, షాపు ఓనర్ సరేనంటే తప్ప తుపాకీతో లోపలికి రాకూడదని చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం బోర్డు లేని తలుపంటే రావద్దనే. న్యూయార్క్ ఇలాంటి నియమమే పెడితే, జనం వచ్చిపోయే షాపుల విషయంలో అప్పీల్ కోర్టు దాన్ని ఆపింది. హవాయి నియమాన్ని మరో అప్పీల్ కోర్టు నిలబెట్టింది. ఆ కేసును 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది.