మెడ పైపు, చలివణుకు: డయాలసిస్ మంచం పక్కన వినే అపోహలు

ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో మా డయాలసిస్ యూనిట్‌కి వచ్చేవాళ్లకి క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టాల్సిన వ్యర్థం) గురించి నేను చెప్పక్కర్లేదు, వాళ్లే ఆరు నెలల అంకెలు అప్పజెబుతారు. రక్తంలో ఇన్ఫెక్షన్ అనేసరికే తికమక.

అపోహ: "వారానికి రెండుసార్లు రక్తం కడుగుతున్నారు కదా సిస్టరమ్మా, క్రిములు పోవా ఏటి?"

పోవు. రక్తాన్ని వడపోసే డయలైజర్ పొరలోంచి యూరియా, క్రియాటినిన్, నీరు దాటతాయి. బ్యాక్టీరియా వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దది, దాటలేదు. పైగా చెరువు మెట్లకి నాచు పట్టినట్టు, డయాలసిస్ కోసం మెడ నరంలో పెట్టిన పైపు లోపలి గోడకి పట్టుకుని ఉంటుంది. మిషన్ తిరగ్గానే ఆ నాచు ఊడి ఒంట్లోకి పోవచ్చు.

అపోహ: "మిషనెక్కితే చలి మామూలే."

కాస్త చలేస్తుంది, దుప్పటి ఇస్తాం. కానీ పైపు ఉన్న మనిషి పళ్లు టకటకలాడి మంచం ఊగేలా వణికితే, కాదని తేలేదాకా ఇన్ఫెక్షన్ కిందే లెక్క. ఇంటికెళ్లాక తగ్గిపోతుంది, అందుకే చాలామంది చెప్పరు. మళ్లీ మిషనెక్కినప్పుడు తిరగబెడుతుంది. పెద్దవాళ్లలో ఒళ్లు కాలకపోవచ్చు కూడా. మాట తడబడినా, బీపీ పడిపోయినా, ఆయాసం వచ్చినా చాలు, అనుమానించాలి.

అపోహ: "రిపోర్టుకి అయిదు రోజులా? ముందు ఇంజెక్షన్ చేసీండి."

చేస్తాం, రిపోర్టు కోసం ఆగం. కానీ ఇంజెక్షన్‌కి ముందే కల్చర్‌కి, అంటే సీసాలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకి, రక్తం తీయాలి. పెద్దవాళ్లకి ఒక్కో సీసాకి 8 నుంచి 10 మి.లీ., కనీసం రెండు జతల సీసాలు. "అంత రక్తమా, అసలే రక్తం తక్కువ" అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ తక్కువ తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. ఊళ్లో రెండు యాంటీబయాటిక్ సూదులు వేయించుకుని వస్తే, ఒంట్లో క్రిమి ఉన్నా సీసాలో పెరగకపోవచ్చు. "ఏమీ లేదు" అని వచ్చిన రిపోర్టుని నమ్మలేం.

దొరికిన ప్రతిదీ దోషి కూడా కాదు. నేను చేరిన కొత్తలో, రద్దీలో, రాసిన స్పిరిట్ ఆరకముందే సూది పెట్టేశాను. చర్మం మీది క్రిమి సీసాలో పెరిగింది. పాపం ఆ పెద్దాయనకి మూడు రోజులు అక్కర్లేని మందు ఎక్కింది. ఇప్పటికీ స్పిరిట్ ఆరేదాకా మనసులో ముప్పై లెక్కపెడతాను.

అపోహ: "వణుకు తగ్గింది, ఇంకెందుకు మందు?"

స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి అయితే గుండె కవాటాలకో, వెన్నెముకకో పాకగలదు. 4 నుంచి 6 వారాల మందు కూడా పడొచ్చు. పైపు తీసేయాల్సి రావచ్చు. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపే ఆపరేషన్) వేయించుకోమని డాక్టర్లు వెంటపడేది ఇందుకే. పైపుకన్నా దానికి ఇన్ఫెక్షన్ బెడద బాగా తక్కువ.

అపోహ: "కార్తీకమాసం, ఒక్క మునకకి ఏమవుద్ది?"

పైపు మీది కట్టు తడిస్తే చాలు, ఇన్ఫెక్షన్ రావడానికి. నడుము కింద చెంబుతో పోసుకుని, పైన తడిగుడ్డతో తుడుచుకోమంటాను. కిందటేడు ఒకామె మనవడి చేత వంశధార నీళ్లు సీసాతో తెప్పించుకుని పాదాల మీద పోసుకుని వచ్చింది. కట్టు విప్పి చూశాను, పొడిగా ఉంది. మిషన్‌కి పెట్టేశాను.