క్లీనరు సీటు ఖాళీ అయ్యాక

కొత్తగా లారీ ఎక్కిన కుర్రాళ్లను కదిలిస్తే రెండు రకాల గోడు వినిపిస్తుంది. మొదటి రకం: పక్కనున్న సీనియరు ఏదీ విడమరిచి చెప్పడు, చిన్న తప్పుకే బూతులు లంకించుకుంటాడు, సరుకు మీద టార్పాలిన్ పట్టా కట్టడం దగ్గర్నుంచి టైరు విప్పడం దాకా అన్నీ చేయిస్తాడు గానీ స్టీరింగు మాత్రం ఇవ్వడు. రెండోది దీనికి తిరగబడిన కథ. నాలుగు రోజులు పక్కన కూర్చోబెట్టి, అయిదో రోజు తాళాలు చేతికిచ్చి ఒంటరిగా నాగపూర్ పొమ్మంటారు.

ఈ రెండింటికీ పాతకాపుల జవాబు ఒకటే: "మేమూ అలాగే నేర్చుకున్నాం." మొదటి గోడు విషయంలో అది నిజమే. రెండోదాని విషయంలో మాత్రం కాదు. వాళ్లు నేర్చుకున్న బడి వేరు. అందులో తిట్లున్నాయి, దెబ్బలున్నాయి, అయితే ఏళ్ల తరబడి పక్కన ఒక మనిషి కూడా ఉన్నాడు. ఆ బడి పేరు క్లీనరు పని.

1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ లారీలు తయారవడం మొదలైంది. మద్రాసు నుంచి లేలాండ్ బండ్లు వచ్చాయి. బండ్లు పెరిగినంత వేగంగా వాటిని తోలేవాళ్లను తయారు చేసే ఏర్పాటు ఎక్కడా పుట్టలేదు. ఆ పని డ్రైవర్లే తమ కేబిన్‌లో చేశారు. పదిహేనేళ్లు నిండీనిండని పిల్లవాడు తిండికీ, డ్రైవరు చేతి మీదుగా వచ్చే కొద్దిపాటి బత్తాకీ బండెక్కేవాడు. అద్దం తుడవడం, రేడియేటర్లో నీళ్లు పోయడం, కర్రతో టైర్లు కొట్టి చప్పుడును బట్టి గాలి చూడటం, ఎత్తు మీద బండి ఆగితే పరుగున దిగి వెనక చక్రం కింద చెక్క దిమ్మ పెట్టడం, రివర్సులో "రానీ రానీ" అని అరిచి ఆఖర్న "హోల్డాన్" అనడం... ఇదంతా పాఠమని వాడికి ఎవరూ చెప్పలేదు. అయినా పాఠమే. రెండేళ్లు టైర్లు కొట్టినవాడి చెవికి ఏ టైరు మెత్తబడిందో సీట్లో కూర్చునే తెలిసిపోతుంది.

స్టీరింగు దక్కేది ఎప్పుడో తెల్లవారుజామున, సరుకు దించేసి ఖాళీగా తిరిగొచ్చే బండి మీద, తిన్నటి రోడ్డు మీద, డ్రైవరుకు నిద్ర ముంచుకొచ్చినప్పుడు. అంటే గురువు కునికిపాటే శిష్యుడి క్లాసు. ఇందులో ఉన్న ప్రమాదం వేరే చెప్పనక్కర్లేదు.

పవర్ స్టీరింగు లేని ఆ బండ్లలో గేరు వేయడం కూడా ఒక విద్యే. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, వదలాలి, యాక్సిలరేటరు నొక్కి ఇంజనుకు కొంచెం రేజివ్వాలి, మళ్లీ తొక్కి చిన్న గేరు వేయాలి. రేజు ఎక్కువైనా తక్కువైనా గేరు పళ్లు కరకరమంటాయి, ఆ వెంటనే కుర్రాడి వీపు మీద చెయ్యి పడుతుంది. ఎంత రేజివ్వాలో నోటితో చెప్పడం డ్రైవరుకే రాదు. అతనికి అది కాలికి తెలుసు. అందుకే చాలామంది గురువులు అరిచేవాళ్లని నా అనుమానం. తెలిసిన పనిని మాటల్లో పెట్టడం ఎవరూ నేర్పలేదు వాళ్లకి.

సాలూరు సంగతి చూడండి. ఒకప్పటి విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఉత్తరాంధ్రలో లారీల ఊరు అంటే అదే. అక్కణ్నుంచి రాయపూర్ వెళ్లే రహదారి, పాత నంబరు 43, అక్కడ ఇప్పుడు 26, ఊరు దాటిన కాసేపటికే కొండెక్కి ఒడిశాలోకి పోతుంది. ఆ ఘాట్‌లో నేర్చుకునే మొదటి సూత్రం, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలని. దిగేటప్పుడు బండిని పట్టి ఉంచాల్సింది ఇంజను. అదేపనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాలి, వాసనొచ్చి, ఇక పట్టు దొరకదు.

అయితే అదే కేబిన్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పాఠం కూడా నడిచేది. డీజిలు మిగల్చడానికి కొందరు దిగుడులో న్యూట్రల్ చేసేవాళ్లు, ఇంకా ధైర్యం చేసి ఇంజనే ఆపేసేవాళ్లు. ఎయిర్ బ్రేకు బండిలో ఇంజను ఆగితే బ్రేకులకు గాలి నింపే కంప్రెసరూ ఆగుతుంది. ట్యాంకులో ఉన్న గాలి అయిపోతే అంతే. క్లీనరు కుర్రాడు సూత్రాన్నీ నేర్చుకున్నాడు, ఈ కక్కుర్తినీ నేర్చుకున్నాడు. గురుశిష్య పద్ధతిని ఊరికే పొగిడేవాళ్లు ఈ ముక్క దాటవేస్తారు.

చట్టం ఈ కుర్రాణ్ని చూడలేదా? చూసింది, ఓరగా. 1961లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి అప్రెంటిస్ చట్టం: ఫ్యాక్టరీలో పని నేర్చుకునేవాడికి ఒప్పందం, స్టైపెండు, గడువు అన్నీ రాసిపెట్టింది. రెండోది మోటారు రవాణా కార్మికుల చట్టం: రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, అయిదు గంటల పనికి కనీసం అరగంట విశ్రాంతి. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా నడిచిన ఈ రెండో చట్టంలో కార్మికుడంటే ఎవరో చెప్పేచోట క్లీనరు పేరు కూడా ఉండేది. కానీ అది మామూలుగా వర్తించేది అయిదుగురు, అంతకు మించి పనిచేసే సంస్థలకే. రెండు లారీల ఓనరు దగ్గర ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు ఉంటే లెక్క నాలుగు. మన లారీలు ఎక్కువ భాగం ఇలాంటి చిన్న ఓనర్లవే.

ఓనరుకు నమ్మకం డ్రైవరు మీద, క్లీనరు డ్రైవరు మనిషి. కొట్టినా, బత్తా ఎగ్గొట్టినా చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఆ కుర్రాడి చేతిలో ఉన్న మందు ఒక్కటే, వేరే బండి ఎక్కడం. పార్కింగులో, టీ కొట్టు దగ్గర క్లీనర్లు మాట్లాడుకునేది ఇదే: ఏ డ్రైవరు చెయ్యి చేసుకుంటాడు, ఎవరు తిట్టినా స్టీరింగు ఇస్తాడు, ఎవరు తాగితే బండి దిగిపోవాలి. రాతలో లేని ఈ సమాచారమే ఎంతోమందిని నిలబెట్టింది.

1988 మోటారు వాహనాల చట్టం మరుసటి ఏడాది జులైలో అమల్లోకి వచ్చింది. రవాణా వాహనం తోలేవాడికి కనీసం ఇరవయ్యేళ్లు ఉండాలి, దానికి లెర్నర్ లైసెన్సు కావాలంటే అంతకు ముందు ఏడాది పాటు కారు స్థాయి లైసెన్సు ఉండాలి. జీవితంలో కారు ముట్టనివాడు, లారీ తోలడం అప్పటికే వచ్చినవాడు, ముందు కారు లైసెన్సు తెచ్చుకుని ఏడాది ఆగాలి! డ్రైవింగ్ స్కూళ్ల నిబంధన ఇంకా విచిత్రం. రవాణా వాహనానికి శిక్షణ 30 రోజులు, అందులో నిజంగా బండి తోలేది 15 గంటలు. విజయవాడలో లోడెత్తుకున్న లారీ నాగపూర్ చేరడానికి ఇంచుమించు అంత సమయం పడుతుంది. అంటే ఒక ట్రిప్పు, అదీ ఒక వైపు. క్లీనరుగా మూడేళ్లు తిరిగినవాడికి ఈ 15 గంటలు కాగితం పని, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. క్లీనరు అనుభవం లేనివాడికి మాత్రం చదువంతా ఆ 15 గంటలే.

మరి క్లీనరు ఎక్కడికి పోయాడు? రోడ్లు నాలుగు వరసలయ్యాయి, పవర్ స్టీరింగు వచ్చింది, ట్యూబు లేని టైర్లొచ్చాయి, 2017లో జీఎస్టీతో రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. రెండో మనిషి చేసే పని తగ్గింది, అతని బత్తా మిగలడం ఓనరుకు కనిపించింది. కుర్రాళ్లూ వేరే పనులు చూసుకున్నారు. దేశమంతా తిరిగే నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలని, రెండోవాడు నడుం వాల్చడానికి సీటు వెనక చోటుండాలని కేంద్ర నిబంధనల్లో ఉండేది. ఆ రెండో డ్రైవరు చాలా బండ్లలో అసలు క్లీనరే. 2018 నవంబరులో ఇద్దరు డ్రైవర్ల షరతు తీసేశారు. ఆ మరుసటి ఏడాది ఎనిమిదో తరగతి చదువుండాలన్న షరతూ పోయింది. రెండూ డ్రైవర్ల కొరత పేరుతో తెరిచిన తలుపులే. లోపలికొచ్చినవాడికి పని ఎవరు నేర్పుతారో ఆ రెండింట్లోనూ లేదు.

2021 జులై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతి మొదలైంది. భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటలు, సిమ్యులేటరు, టెస్ట్ ట్రాక్. అక్కడ గట్టెక్కినవాడికి ఆర్టీఓ దగ్గర మళ్లీ తోలి చూపించే పని లేదు. తమిళనాడులోని నామక్కల్‌లోనూ, సిరిసిల్ల దగ్గర మండేపల్లిలోనూ అశోక్ లేలాండ్ చెయ్యి ఉన్న శిక్షణ సంస్థలు నడుస్తున్నాయి. 15 గంటల కంటే ఇవి ఎంతో నయం. అక్కడ చెయ్యెత్తేవాడూ ఉండడు. అయితే ట్రాక్ మీద ఇరవై టన్నుల లోడు వెనక నుంచి తోయదు, వాన పడుతున్న రాత్రి ఘాట్ మధ్యలో ముందు బండి ఆగిపోదు. కోర్సు ముగిశాక మొదటి ఆరు నెలలు పక్కన కూర్చోవాల్సిన మనిషికి జీతం ఎవరివ్వాలో ఇప్పటికీ తేలలేదు. ఇచ్చేవాళ్లు లేకపోబట్టే సీనియరు విసుక్కుంటాడు. నేర్పినందుకు అతనికి దక్కేది ఏమీ లేదు, బండి గీసుకుపోతే కోత మాత్రం అతని బత్తాలోంచే.

2024 జనవరి మొదట్లో హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు క్యూలు గుర్తున్నాయి కదా. ఐపీసీ స్థానంలో తెచ్చిన కొత్త న్యాయ సంహితలో, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అన్న ఉపసెక్షన్ మీద డ్రైవర్లు బండ్లు ఆపేశారు. ఆ జులైలో సంహిత అమలుకొచ్చినా ఆ ఒక్క ముక్కను పక్కన పెట్టారు. ప్రమాదం జరిగితే జనం చేతికి చిక్కకుండా ముందు స్టేషన్‌కు పోవాలన్నది పాత గురువులు కేబిన్‌లో చెప్పిన పాఠాల్లో ఒకటి. ఇప్పటి కుర్రాడు అది ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకుంటున్నాడు.

2025 అక్టోబరు నుంచి తయారయ్యే కొత్త లారీలకు ఏసీ కేబిన్ తప్పనిసరి అయింది. క్లీనరు కూర్చునే ఎడమ సీటు దానిలోనూ ఉంది. ఎక్కువగా సంచీ, నీళ్ల క్యాను పెట్టుకోవడానికి పనికొస్తోంది. గోడౌన్ దగ్గర కొత్త డ్రైవరు రివర్సు చేసే తీరు చూడండి. అయిదడుగులు వెనక్కి పోనిచ్చి, బ్రేకు వేసి, కిందికి దిగి, వెనక్కి నడిచి గోడ ఎంత దూరముందో చూసుకుని, మళ్లీ ఎక్కుతాడు. ఇంకో అయిదడుగులు. మళ్లీ దిగుతాడు. మూడోసారి దిగేలోపు బీడీ కాలుస్తున్న హమాలీ ఒకాయన విసుగ్గా లేచొచ్చి, బండి వెనక నిలబడి బాడీ మీద చేత్తో చరుస్తూ "రానీ... రానీ..." అంటాడు.