మడమలో ఎముక పెరిగిందని భయపడుతున్నారా?

పొద్దున్నే మంచం దిగి కాలు నేలకి ఆనించగానే మడమలో మేకు దిగినట్టు నొప్పి. గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. మా అమ్మకి ఇలాగే వచ్చింది. ఎక్స్‌రే తీసి "ఎముక పెరిగింది" అన్నారు, దాన్ని కోసి తీసేయాలేమోనని ఆవిడకి ఒకటే టెన్షన్.

ఆ ఎముక సంగతి ముందు చెప్తాను. ఏ నొప్పీ లేనివాళ్లకి ఎక్స్‌రే తీసినా కొందరిలో ముల్లులా పెరిగిన ఆ ఎముక కనిపిస్తుంది, నొప్పితో కుంటుతున్న చాలామందిలో కనిపించదు. సాధారణంగా సమస్యంతా అరికాల్లో ఉండే ప్లాంటర్ ఫాషియా అనే గట్టి పట్టీది. మడమ ఎముక దగ్గర మొదలై వేళ్ల మొదళ్ల దాకా వింటినారిలా సాగి అరికాలి వంపుని నిలబెడుతుంది. కూర్చుని కాలి బొటనవేలిని చేత్తో పైకి వంచి చూడండి, అరికాల్లో తాడులా తగులుతుంది, వంపు కూడా కొంచెం లేస్తుంది. 1954లో హిక్స్ అనే ఆయన దీన్ని తాడు చుట్టి బరువు లేపే యంత్రంతో పోల్చారు.

బరువు పెరిగినా, పిక్కలు బిగుసుకుపోయినా, రోజంతా నిలబడి పనిచేసినా, అలవాటు లేకుండా ఒక్కసారిగా అరుణాచలం వెళ్లి 14 కిలోమీటర్లు ఉత్త కాళ్లతో ప్రదక్షిణ చేసినా ఆ తాడు మడమకి అతుక్కున్న చోట దెబ్బతింటుంది. నిద్రలో పాదం కిందికి వాలి పట్టీ కుదించుకుని ఉంటుంది కాబట్టి తొలి అడుగుకే అంత నొప్పి. దీన్ని వాపు (ఇన్‌ఫ్లమేషన్) జబ్బు అనుకునేవారు, కానీ 2003లో ఆపరేషన్లలో తీసిన 50 నమూనాలు పరీక్షిస్తే వాపు కణాల బదులు అరిగిన కణజాలమే కనిపించింది. అందుకే నొప్పి మాత్రలతో ఉపశమనం దొరుకుతుందే గానీ పట్టీ బాగుపడదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా కొన్ని వారాల సుఖమే, పదేపదే చేయించుకుంటే పట్టీ తెగే ప్రమాదం ఉంది.

నా మాట వినండి, మంచం దిగకముందే నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, కాలి వేళ్లని పైకి, మోకాలి వైపు లాగి 10 సెకన్లు పట్టుకోండి. ఇలా 10 సార్లు, రోజుకి మూడు పూటలా. గోడకి చేతులానించి పిక్కలు సాగదీయడం కూడా చేయాలి. నెలలు పడుతుంది, వారం చేసి మానేస్తే లాభం లేదు. చాలామందికి ఏడాదిలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది.

ఇక మన గ్రానైట్, టైల్స్ నేలలు. ఇంట్లో చెప్పులేంటని అమ్మ ఒప్పుకోలేదు, ఇంట్లో వాడకానికే విడిగా ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కొనిచ్చాక దారికొచ్చింది. ఆ మెత్తటి రబ్బరు చెప్పులు మన దేశంలో కుష్ఠు రోగుల స్పర్శ లేని పాదాలకి పుండ్లు పడకుండా వాడుకలోకి వచ్చినవని తెలిసినప్పటి నుంచి నాకు వాటి మీద గౌరవం పెరిగింది.

అమ్మకి షుగర్ కూడా ఉంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన కాలికి వేడి తెలియదు, బొబ్బలెక్కాకే చూసుకుంటారు, అందుకని వేడినీళ్ల కాపడం పూర్తిగా మాన్పించాను. ఆనెకాయల్ని బ్లేడుతో కోసుకోవడం కూడా అంతే ప్రమాదం. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకుని చూడాలి, లేదా ఇంట్లో ఎవరినైనా చూడమనాలి. చిన్న పుండు కనిపించినా ఆ మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.