77 ఏళ్ల తర్వాత పేరు దక్కిన కప్ప

కొత్త కప్ప జాతి దొరికిందంటే ఏ పడమటి కనుమల్లోనో, అమెజాన్ అడవిలోనో అనుకుంటాం. 2014లో పేరు పెట్టించుకున్న ఒక చిరుతమచ్చల కప్ప మాత్రం దొరికింది న్యూయార్క్ నగరంలో, స్టాటెన్ ఐలాండ్ చిత్తడి నేలల్లో. పేరు రానా కాఫెల్డై. అదేమీ దాక్కుని లేదు. ఏటా వసంతంలో గొంతెత్తి అరుస్తూనే ఉంది. విన్నవాళ్లకు అది వేరే జాతి అని తట్టలేదు, అంతే.

అసలు కథ 1937లో మొదలైంది. ఆ ఏడాది కార్ల్ కాఫెల్డ్ అనే సరీసృపాల నిపుణుడు న్యూయార్క్ చుట్టుపక్కల ఉన్న చిరుతమచ్చల కప్పలు మూడు రకాలని రాశాడు. ఆయన తర్వాతి రోజుల్లో స్టాటెన్ ఐలాండ్ జూకు డైరెక్టర్ కూడా అయ్యాడు. అయినా ఆ మాట నిలవలేదు. మచ్చలు, రంగు ఒకే మడుగులోని కప్పల్లోనే మారిపోతుంటాయి కాబట్టి అవన్నీ ఒకే జాతి అనే వాదం 1940ల్లో గెలిచింది.

నాకు ఇక్కడ బాధ కలిగించే విషయం ఒకటుంది. ఈ కప్పలను వేరు చేసేది ముఖ్యంగా అరుపు. అరిచేది మగ కప్ప. ఆ అరుపును బట్టే ఆడ కప్ప తన జాతివాడిని గుర్తుపడుతుంది. మ్యూజియం సీసాలో ఉన్న కప్పకు గొంతు ఉండదు, రంగు కూడా వెలిసిపోతుంది. సీసాలు చూసి తేల్చినన్నాళ్లూ తప్పు దొర్లడంలో ఆశ్చర్యం లేదు. 1960ల నుంచి అరుపుల రికార్డింగులు పోల్చడం మొదలయ్యాక ఉత్తరాది కప్ప, దక్షిణాది కప్ప వేరువేరని తేలింది. ఆ రెండింటి మధ్య ఉన్న మూడో రకం మాత్రం అప్పుడూ మరుగునే ఉండిపోయింది. కాఫెల్డ్ 1974లో చనిపోయాడు.

2008లో రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి జెరెమీ ఫైన్‌బర్గ్ స్టాటెన్ ఐలాండ్‌కు వెళ్లాడు. పక్కనే ఉన్న లాంగ్ ఐలాండ్‌లో చిరుతమచ్చల కప్పలు ఎందుకు మాయమయ్యాయన్నది అతని పరిశోధన. ఉత్తరాది కప్ప గురక పెట్టినట్టు అరుస్తుంది. దక్షిణాదిది గబగబా అక్-అక్-అక్ అంటుంది. అక్కడ వినిపించింది ఈ రెండూ కాదు, ఒక్కసారి దగ్గి ఊరుకున్నట్టున్న పొట్టి శబ్దం.

చెవికి అందిన తేడా ఒక్కటే జాతిని నిలబెట్టదు. 2012లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన అది వేరే వంశమని చూపించింది. పేరు రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ప్రామాణిక నమూనాను మ్యూజియంలో ఉంచాలి, శరీర కొలతలు, అరుపుల వివరాలు, దగ్గరి జాతులతో తేడాలు రాసి ప్రచురించాలి. ఆ వర్ణన 2014లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చింది. ఎవరూ ఒప్పుకోని మాట చెప్పిన మనిషి పేరునే కప్పకు పెట్టారు. అది కనెక్టికట్ నుంచి నార్త్ కరోలినా దాకా తీరం వెంబడి సన్నటి పట్టీలో బతుకుతోందనీ తెలిసింది.

ఆ తర్వాత మన వైపు నగరాల నుంచీ ఇలాంటి వార్తలు వచ్చాయి. ఢాకా నుంచి 2016లో, మంగళూరు నుంచి 2018లో, బెంగళూరు శివార్ల నుంచి 2020లో కొత్త కప్పలను వర్ణించారు. మంగళూరుది ఆసక్తికరం. దాని దగ్గరి చుట్టాలు ఆగ్నేయాసియాలో ఉన్నాయి, కాబట్టి ఓడరేవుకు వచ్చే కలపతో పాటు చేరి ఉండొచ్చని పరిశోధకుల అనుమానం. అంటే కొత్త జాతి దొరికినంత మాత్రాన అది ఆ ఊరిదే కానక్కర్లేదు.

పేరు ఎందుకంత ముఖ్యమంటే, విస్తారంగా ఉన్న జాతిలో కలిపేసిన కప్ప ఒక చోట అంతరిస్తే ఎవరూ కంగారుపడరు, మిగతా చోట్ల ఉందిలే అనుకుంటారు. లాంగ్ ఐలాండ్‌లో జరిగింది అదే. అక్కడివి దక్షిణాది కప్పలని లెక్కలో రాసుకున్నారు. అవి కాఫెల్డ్ కప్పలని తెలిసేసరికి అక్కడ ఆ దగ్గు వినిపించడం లేదు.